రెల్లిసింగికి కొత్త చోడి

రెల్లిసింగి ఎక్కడుందని అడిగితే రాయగడలో పుట్టి పెరిగినవాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు. నేను పద్దెనిమిదేళ్లుగా రాయగడ బడిలో లెక్కలు చెబుతున్నాను. కోరాపుట్ జిల్లా పటం గోడకి తగిలించి పిల్లలచేత బెత్తంతో ఊళ్లు చూపించిన దాన్ని. ఆ పటంలో రెల్లిసింగి లేదు. మొన్న భాద్రపదం వానలకి వంశధార పొంగినప్పుడు గుణుపురం సంగతి అందరికీ తెలిసింది, పేపర్లో పడింది. అదే వానకి పై కొండల్లో ఒక సవరల ఊరు సగానికి సగం జారి గెడ్డలో, అంటే కొండవాగులో, కలిసిపోయిందన్నది మాత్రం పద్మపూర్ నుంచి వచ్చిన ఒక తపాలా మనిషి మా బడి వరండాలో కూర్చుని చెబితే తప్ప నాకు తెలియలేదు.

నాకు కోపం ఎక్కువ, మొండితనం ఇంకా ఎక్కువ. ఆ రెండింటి బలంతోనే ఆరు బస్తాల గింజ ఆ కొండ ఎక్కించాను. పైకెళ్లాక నేను బోల్తా పడింది కూడా వాటివల్లే. ఏ బండి ఎన్నింటికి, ఎక్కడ దిగాలి అన్న సంగతులు ఇక్కడ రాయడం లేదు. అవి స్టేషన్లో అడిగితే చెబుతారు. అక్కడ ఎవరూ చెప్పనివి మాత్రం రాస్తాను.

మా అక్క ఊరు

మా అక్క కాపురం బొబ్బిలికి దగ్గర్లో ఒక పల్లె. ఆ ఊరి గుడిలో ఏటా రెండుసార్లు కోతల పండుగ చేస్తారు. వరికి ఒకసారి, పునాస చోడికి ఒకసారి. చోడి అంటే రాగులే, మా వైపు అలా అంటాం. పొలంలో మొదట కోసిన వెన్నులు, మొదటి కుంచం గింజ, ఆనపకాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు అన్నీ తెచ్చి పాదిరిగారి బల్ల ముందు పెడతారు. మేం పుట్టిన ఊళ్లోనూ ఇదే పద్ధతి, మా అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ కుంచం గుడికి చేరేదాకా కొత్త గింజని పొయ్యెక్కనిచ్చేది కాదు. ఆకలేస్తోందని ఏడిస్తే పాత గింజే వండేది. ప్రార్థన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. మామూలు ఆనపకాయని మూడింతలు పెట్టి పాడుకుని, అక్కడే ఇంకొకరికి ఊరికే ఇచ్చేసి మురిసిపోతారు మావాళ్లు.

ఈసారి పండుగకి వెళ్లి, వేలం ఆపమని లేచి నిలబడ్డాను. రెల్లిసింగి సంగతి చెప్పాను. ఆడవాళ్లు ముందు ఒప్పుకున్నారు. ఇళ్లకెళ్లి ఇంకో కుంచం, ఇంకో కుంచం తెచ్చి ఆరు బస్తాలు నింపారు. ఒక్క పెద్ద దావీదు తాత మాత్రం తలూపలేదు. ఆయన ఆ సంఘానికి పెద్ద. తొంభైకి దగ్గర పడ్డా గొంతు తగ్గలేదు.

"ఇయ్యడానికేటి, ఇస్తాం. మోసుకెల్లినోళ్లే సగం తినేస్తారమ్మీ. ఆ మద్దెన తుపానుకి పంపిన బియ్యం ఏటయ్యాయో ఎవుడికైనా తెలుసా? దేవుడి బల్ల ముందు పెట్టిన గింజది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. బల్ల దగ్గరికి వెళ్లి, అందరూ చూస్తుండగా బస్తా మీద చెయ్యి పెట్టాను. "ఇందులో ఒక్క గింజ నా నోట్లో పడదు తాతా. నాతో వచ్చేవాళ్ల నోట్లోనూ పడనివ్వను. పెట్టి వచ్చి, ఇదే చోట నిలబడి చెబుతాను," అన్నాను. తాత నన్ను ఎగాదిగా చూసి "సరే, సూద్దాం," అన్నాడు.

రాయగడ

రైలు బ్రేకు వ్యానులోంచి దించేటప్పుడు ఒక బస్తా చీలి, ప్లాట్‌ఫారం మీద చోడి జలజలా కారింది. నేను చీర కొంగు నడుంలో దోపి నేలమీద కూర్చున్నాను. మా బడి పిల్లల తల్లులు ఇద్దరు కనిపించి వాళ్లూ కూర్చున్నారు. కూలీ ఒకడు "అంత సిన్న గింజలు ఏరుకుంతారేటమ్మా, పిట్టలకొగ్గీండి," అన్నాడు. పిట్టలకి చాలా ఉన్నాయి తినడానికి, నువ్వు సూదీ దబ్బనం ఎక్కడ దొరుకుతాయో చూడు అన్నాను. వాడు నిజంగానే తెచ్చి, తనే కుట్టి, కూలి తీసుకోకుండా వెళ్లిపోయాడు. నేను వాడి పేరు కూడా అడగలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రాయగడ సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. ఇక్కడ ఆఫీసులో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో కొండవాళ్లతో దేశియా మాట్లాడాలి. కోపం వచ్చినప్పుడు మూడూ కలిసిపోతాయి. స్టేషన్ ఎదురుగా విజయనగరం వాళ్ల హోటల్లో నలభై పైసలకి రెండు ఇడ్లీలు, కావలసినంత చట్నీ. వరద తర్వాత ఇడ్లీ చిన్నదైంది గాని ధర పెంచలేదు. చట్నీలో కొబ్బరి తగ్గి పుట్నాలపప్పు పెరిగింది. సంతలో ఆ వారం కొండవాళ్లు ఒక్కరూ దిగలేదు. అల్లం లేదు, పసుపు లేదు, అడ్డాకు కట్టలు లేవు. వాళ్లు దిగితేనే మాకు సంత అని ఆ ఖాళీ చూశాకే అర్థమైంది.

తెరుబలి

తెరుబలిలో బస్సు దిగగానే గొంతులో పొగ రుచి తగులుతుంది. లోహం కరిగించే ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఆరేసిన తెల్లచొక్కాలు తెల్లగా ఉండవు. అక్కడ కొలిమి దగ్గర పనిచేసే ఫోర్‌మన్ ఒకాయన కూతురు మా బడిలో చదివింది. సున్నా మార్కులు వేసినందుకు నా మీద కోపంగా ఉంటాడేమో అనుకుంటూ, బస్సు టాపు మీద బస్తాలు వేసుకుని వెళ్లాను. ఆయన టీ ఇచ్చి, గుణుపురం వైపు ఖాళీగా వెళుతున్న ఒక లారీని నాకు కుదిర్చిపెట్టాడు.

క్వార్టర్లలో మన ఆడవాళ్లు ఎంతోమంది. ఒకావిడ ఉప్పు తెచ్చింది, ఒకావిడ బెల్లం అచ్చులు, ఇంకొకావిడ ఎండుమిరపకాయలు. పక్కింటి పంజాబీ ఆవిడకి మా మాట ఒక్కటీ రాదు. ఏం జరుగుతోందో చూసి, లోపలికెళ్లి తన దుప్పటి తెచ్చి లారీలో పడేసింది.

లారీ డ్రైవరు జోగులుది గజపతినగరం. నలభై ఏళ్లు ఉంటాయి, మాటకో తిండికో నోరు ఆడుతూనే ఉంటుంది. బస్తాలు ఎక్కిస్తూ కుట్టు పక్కన కన్నంలోంచి చిటికెడు గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఉమ్మెయ్," అన్నాను.

"సిటికెడేనండి టీచరమ్మగారూ!"

"నేను బల్ల ముందు మాటిచ్చి వచ్చాను. ఉమ్మెయ్."

అతను చేతిలోకి ఉమ్మి, ఆ గింజల్ని చూసుకుని, "ఇయ్యి మళ్లీ బస్తాలో ఎయ్యమంతారేటండి?" అన్నాడు. నవ్వొచ్చింది గాని నవ్వలేదు. దారి పొడుగునా అతను నన్ను "హెడ్డుకానిస్టేబులమ్మగారు" అని పిలిచాడు.

పద్మపూర్

పద్మపూర్‌లో గోడల మీద నా ఛాతీ ఎత్తున బురద గీత ఉంది. ఎవరో దారం పట్టి గీసినంత తిన్నగా, వీధంతా ఒకటే గీత. పొలాల్లో వరి ఉండవలసిన చోట ఇసుక మేట. ఒకాయన తన పొలం గట్టు ఎక్కడుందో కాలితో ఇసుక తవ్వి వెతుక్కుంటున్నాడు.

రెల్లిసింగి కబురు మా బడికి తెచ్చిన తపాలా మనిషి సోంబారు ఇక్కడే ఉంటాడు. సవరవాడే. సోమవారం పుట్టాడు కనక సోంబారు. చిన్నప్పుడు పార్వతీపురం వైపు ఇటుకల పని చేశాడు, అందుకని మన మాట వచ్చు. వారానికోసారి తపాలా సంచితో కొండ ఎక్కి, ఉత్తరాలిచ్చి, చదివి వినిపించి, జవాబులు రాసుకుని దిగుతాడు. రెల్లిసింగికి ఎలా వెళ్లాలని అడిగితే, ఎలా అన్నది చెప్పకుండా ముందు ఒక గోదాముకి తీసుకెళ్లాడు. అందులో పాలపొడి సంచులు కప్పుదాకా ఉన్నాయి.

"వరద సాయమని ముందు ఇది పంపేరు టీచరమ్మా. మావోలు తాగరు. పాలు దూడవి గదా. దూడ నోటికాడది మనిసి తాగకూడదు," అన్నాడు.

"మరి పంపినదంతా ఏం చేశారు?"

"గోడకి బొమ్మలు ఎయ్యడానికి బియ్యప్పిండి లేకపోయింది గదా, దీంతో ఏసేరు. బాగానే తెల్లగా వచ్చింది."

జోగులు పడీ పడీ నవ్వాడు. నేను మాత్రం లోపల్లోపల మురిసిపోయాను, దాచడం ఎందుకు. సాయం పంపినవాళ్లు ఏమీ తెలుసుకోకుండా పాలపొడి పంపారు, గోధుమరవ్వ పంపారు. నేను వాళ్లు రోజూ తినే చోడే తెచ్చాను. అందులోనూ పురుగు పట్టిన పాతది కాదు, పొలంలోంచి నేరుగా వచ్చినది. ఈ మురిపెం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

కొండదారి

లారీ ఒక గెడ్డ దాకా పోయి ఆగింది. అక్కడినుంచి కావిళ్లే. సోంబారు దిగువ ఊరినుంచి మోసేవాళ్లని తెచ్చాడు. ఒక్కొక్క బస్తాని నాలుగు మూటలు చేసి ఎత్తాం. జోగులు లారీకి తాళం వేసి, "మిమ్మల్ని ఒంటరిగా ఒగ్గేస్తే నాకు బువ్వ దిగదండి," అంటూ బెల్లం బుట్ట నెత్తిన పెట్టుకుని వెనకాలే వచ్చాడు.

జీలుగు చెట్ల కింద ఒక ముసలాయన కల్లు దింపి మాకు ఆనపబుర్రతో అందించాడు. నేను తాగనన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "ఆవిడ దేవుడు ఒద్దన్నాడు కాబోలు," అని సోంబారుతో అని, నా వంతు జోగులుకి పోశాడు. మా ఊళ్లో ఎవరైనా పెట్టినది వద్దంటే మూడు తరాలు చెప్పుకుంటారు. ఇక్కడ ఎవరి దేవుడు ఏం వద్దన్నాడో దానికి వాళ్లు ఊరికే చోటిచ్చేస్తారు. ఆ మర్యాద నాకు బాగుందనిపించింది. అది నాలుగు గంటల్లో నాకే అడ్డం తిరుగుతుందని అప్పుడు తెలియదు.

జారిన చోట కొండ ఎర్రగా, పచ్చిపుండులా ఉంది. దాన్ని దాటడానికి తాడు కట్టారు. మూటలు ముందు వెళ్లాయి, నేను కూర్చుని జరుగుతూ వెళ్లాను. నా చెప్పు ఒకటి గెడ్డలో పడింది. రెండోదాన్ని నేనే విసిరేశాను.

రెల్లిసింగి

మిగిలిన ఇళ్లు ఒక వరస. వరస చివర నేల లేదు. ఊరివాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు గాని ఎవరూ మూటల మీదకి రాలేదు. పిల్లల కాళ్లూ చేతులూ సన్నం, పొట్టలు మాత్రం ఉబ్బి ఉన్నాయి. పొయ్యిల మీద మామిడి టెంకల జావ. టెంకల్లో జీడి తీసి, దంచి, చేదు పోయేదాకా పారే నీళ్లలో నానబెట్టి కాస్తారు. చేదు పూర్తిగా పోదు. నేను ఒక వేలు నాకి చూశాను.

సుక్కురి అనే పిల్ల, ఇరవై ఏళ్లు ఉండవు, చంకలో ఏడాది నిండని ఆడబిడ్డతో నా ఎదుట కూర్చుంది. పాలు ఇంకిపోయాయట. టెంకల జావ పోస్తే బిడ్డ కక్కేస్తోంది. మూడు రోజులుగా ఏడవడం కూడా మానేసింది. నేను సోంబారుతో, "చెప్పు. పొద్దు గుంకేలోపు ఈ బిడ్డ గొంతులో అంబలి పడుతుంది. అది చూడకుండా నేను కొండ దిగను," అన్నాను. అతను చెప్పాడు. సుక్కురి నా చెయ్యి ఒకసారి ముట్టుకుంది.

వెంటనే ఒక మూట విప్పారు. ఒకావిడ తిరగలి కడిగి గింజ పోసి తిప్పడం మొదలుపెట్టింది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఇది గోదాములో మగ్గిన సరుకు కాదు, ఈ నెల్లోనే కోసిన కొత్త చోడి అని చెప్పు," అన్నాను.

సోంబారు నా వైపు చూశాడు. "సెప్పమంతారా?" అన్నాడు.

"చెప్పమనే కదా అంటున్నాను!"

చెప్పాడు. తిరగలి ఆగిపోయింది. ఆవిడ అప్పటిదాకా రాలిన పిండిని చేత్తో ఊడ్చి మూటలోకి పోసేసింది. రాయిని ఆకుతో తుడిచింది. తన అరచేతులు కూడా తుడుచుకుని లేచి వెళ్లిపోయింది.

నాకేమీ అర్థం కాలేదు. సోంబారు తల దించుకుని వివరించాడు. కొత్త గింజ వస్తే ముందు బుయ్య పూజ చెయ్యాలి. బుయ్య అంటే పంటల పూజారి. చచ్చిపోయిన పెద్దలు ముందు తినాలి, ఆ తర్వాతే బతికున్నవాళ్లు. ఆ పండుగ తమ చోడి పండినప్పుడు వస్తుంది. తమ చోడి పొలంతో సహా గెడ్డలో పోయింది. పూజకి కావలసిన కోడీ లేదు, కుండలూ లేవు. ఎక్కడో ఎవరో తప్పు చేయబట్టే కొండ జారిందని ఊరంతా భయపడుతోంది. ఇప్పుడు ఇంకో తప్పు చేసే ధైర్యం ఎవరికీ లేదు.

"పాతయ్యని సెప్పీండి టీచరమ్మగారూ. ఏటవుతాది? మీరేదో పొరపాటున అన్నారని సెప్తే సరి," అన్నాడు జోగులు.

దేవుడు నన్ను క్షమించాలి, ఆ మాట నాకు నచ్చింది. "చెప్పు సోంబారూ. నేను పొరబడ్డాను, పాత గింజే అని చెప్పు."

"ఆ మాట నాను సెప్పను టీచరమ్మా."

"బిడ్డ చచ్చిపోతుంది!"

"సచ్చిపోతాది. నాకు తెలుసు. ఉత్తరంలో ఏటి రాసుంటే అదే సదువుతానని నమ్మి ఈ ఊరు నన్ను రానిస్తంది. రేపొద్దున్న నిజం తెలిస్తే ఇంక ఎవుడు ఏటి తెచ్చినా తినరు. పాతది తెచ్చినా తినరు."

నేను అతన్ని నానా మాటలూ అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను. అన్నాక వెళ్లి బుయ్య అరుగు ముందు చతికిలబడ్డాను. ఆయన పండుముసలి, ఒక కన్ను మసకబారింది. కోపంలోనే మొదలుపెట్టాను. "ఏదో నీకొక్కడికే పద్ధతులున్నట్టు! మాకూ ఉన్నాయి. మా అమ్మ గుడికి కుంచం ఇవ్వందే మాకు కొత్త గింజ పెట్టేది కాదు. నేను ఏడ్చినా పెట్టేది కాదు. ఈ చోడి కూడా అలా దేవుడి ముందు పెట్టిందే," అంటూ వేలం సంగతి, ఆనపకాయల సంగతి అన్నీ వెళ్లగక్కాను. సోంబారు ఒక్కొక్క మాటా మార్చి చెబుతూ పోయాడు. ముసలాయన మంచి కన్ను నా మీద నిలిపి విన్నాడు. తర్వాత ప్రశ్నలు వేశాడు.

"మీ దేవుడు తిన్నాడా?"

"మా దేవుడు తినడు. ఆయనకి ఇస్తాం, అంతే."

"మరి ఎవులు తిన్నారు?"

"మా వాళ్లు ఇళ్లలో ఈపాటికి తినే ఉంటారు."

"నువ్వు సూసేవా?"

"చూడలేదు."

"నువ్వు తిన్నావా?"

జోగులు నా వెనకనుంచి, "ఆవిడా తినలేదు, నన్నూ తిననియ్యలేదు," అన్నాడు.

బుయ్య చాలాసేపు మాట్లాడాడు. సోంబారు దాన్ని కుదించి చెప్పాడు. "తెచ్చినోలే తినని గింజ మేమెలాగ తింతాం అంతన్నాడు. ఇది మీ నేల గింజ. మీ నేల మనిసి ఇసిరి, వండి, మా అందరి ఎదుట తినాలి. రుసి సూడ్డం కాదు, కడుపు నిండా తినాలి. తప్పుంటే అది తిన్నోలి మీదకి వస్తాది. మీద ఏసుకుంతావా అని అడగమన్నాడు."

బల్ల ముందు బస్తా మీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. పెద్ద దావీదు తాత చూపు గుర్తొచ్చింది. సుక్కురి ఒడిలో బిడ్డ నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు.

"వేసుకుంటానని చెప్పు," అన్నాను.

మా ఊరికి పిండిమర వచ్చాక నేను తిరగలి పట్టి ఇరవై ఏళ్లయింది. గుప్పెడు గుప్పెడు పోస్తూ తిప్పాను. అరచేతులు పొక్కులెక్కి చితికాయి. జోగులు పొయ్యి రాజేశాడు. అంబలి ఉడికి ఆ వాసన వీధంతా పోయేసరికి పిల్లలు వచ్చి వరసగా కూర్చున్నారు. ఎవరూ అడగలేదు, చెయ్యి చాపలేదు. ఊరికే నా చేతిని చూశారు.

మొదటి దొప్ప నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోయాను. లేచి ఆ బిడ్డ నోట్లో ఒక్క చుక్క వెయ్యబోయాను. బుయ్య చెయ్యెత్తాడు. కూర్చున్నాను. పొద్దున్న గెడ్డ దగ్గర రొట్టె తిన్నదాన్ని, నాకు ఆకలి కూడా లేదు. మూడు రోజులుగా ఏమీ నిలవని బిడ్డ ఎదురుగా, ఉబ్బిన పొట్టల పిల్లల ఎదురుగా, నేను ఒక దొప్ప తాగాను. బుయ్య ఇంకోటి పొయ్యమన్నాడు. అదీ తాగాను. మూడోది దిగలేదు. ఏడుస్తూ మింగాను. నా జన్మలో అంత కష్టమైన తిండి తినలేదు, అంత సిగ్గుపడుతూ తినలేదు.

అంతటితో అయిపోలేదు. నాకేమైనా అవుతుందేమోనని గుంజ నీడ ఒక బెత్తెడు జరిగేదాకా ఊరంతా కూర్చుని నన్ను చూసింది. కడుపు నిండి, కోపం నిండి, తిన్నది పైకి తన్నుతోంది. కక్కితే అంతా పాడవుతుందని పళ్లు బిగించి, మనసులో పందొమ్మిదో ఎక్కం చదువుకున్నాను. ఎక్కం అయిదుసార్లు అయ్యాక బుయ్య లేచాడు.

ఆయన దొప్పల్లో అంబలి పోయించి, నేల తెగిన అంచున వరసగా పెట్టాడు. కొండతో పాటు పోయినవాళ్లకి, ఒక్కొక్కరి పేరు పిలిచి ఒక్కొక్కటి. లెక్కల టీచర్ని కదా, లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. పదకొండు. అన్నిటికంటే చిన్న దొప్ప చివరిది.

తర్వాత పిల్లల వైపు తిరిగి తల ఊపాడు.

సుక్కురి వేలితో పలచటి అంబలి బిడ్డ పెదవుల మీద రాసింది. బిడ్డ కదల్లేదు. మళ్లీ రాసింది. నాలుక బయటికి వచ్చింది. మూడోసారి వేలు లోపలికి పెడితే బిడ్డ చప్పరించింది. కాసేపటికి వేలు తీసేసరికి ఏడుపు మొదలుపెట్టింది, పిల్లికూన గొంతుతో. ఆ ఏడుపు విని వీధిలో అందరూ నవ్వారు. పొద్దు ఇంకా గుంకలేదు.

మూడు రోజులు అక్కడే ఉన్నాను. బిడ్డ కక్కకుండా, ఆగి ఆగి పొయ్యమని తల్లికి చెబుతూ కూర్చున్నాను. నాలుగో రోజు దిగేటప్పుడు సోంబారుకి దారిలో క్షమాపణ చెప్పాను. అతను తపాలా సంచి భుజం మార్చుకుని, "మీరు అన్నయ్యి సానామట్టుకు నాకు అర్థం కాలేదు టీచరమ్మా," అన్నాడు. అది అబద్ధం. అతను చెప్పగా విన్న అబద్ధం అదొక్కటే.

మళ్లీ మా అక్క ఊరు

మాటిచ్చిన చోటే నిలబడి చెప్పాలి గనక ఆ ఆదివారం రైలెక్కాను. అరచేతుల పొక్కులు ఇంకా ఆరలేదు. ఆరాధన అయ్యాక బల్ల దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే పెద్ద దావీదు తాత ముందు వరసలోంచి అడిగేశాడు.

"ఏటమ్మీ, సేరిందా? ఒక్క గింజైనా ముట్టలేదు గదా?"

"ముట్టాను తాతా," అన్నాను. "అందరికంటే ముందు నేనే తిన్నాను. మూడు దొప్పలు, కడుపు నిండా."

గుడిలో గుసగుసలు లేచాయి. తాత చెయ్యెత్తి వాళ్లని ఆపాడు. నా చేతుల వైపు చూశాడు, మొహం వైపు చూశాడు. ఏం అనుకున్నాడో తెలియదు. ఏడవని ఆడబిడ్డ సంగతి గుడిలో నేనింకా ఎత్తలేదు, రైలు దిగగానే అక్కకి చెబితే అక్క ఇళ్లల్లో చెప్పి ఉంటుంది.

"మరి ఆ గుంట?" అన్నాడు.

"ఆ గుంట నా తరవాత తింది," అన్నాను.